మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ ప్రొఫెసర్‌కి ఎమెరిటస్ నామినేషన్: సర్వీస్ గురించి ఎలా రాయాలి?

వర్నియర్_స్కేల్:

నమస్తే అందరికీ. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, టెన్యూర్ (పర్మనెంట్ ఉద్యోగం) ట్రాక్‌లో మూడో ఏడు. మా అందరికన్నా సీనియర్ ప్రొఫెసర్ ఒకాయన ఈ మే నెలలో రిటైర్ అవుతున్నారు. ఆయనకి ఎమెరిటస్ హోదా (రిటైర్ అయ్యాక కూడా ప్రొఫెసర్ అన్న గౌరవం) కోసం నామినేషన్ పెడుతున్నాం, ఆ లెటర్ రాసే పని మా చెయిర్ (డిపార్ట్‌మెంట్ హెడ్) నా నెత్తిన పెట్టారు. ఆయన పక్క గది నాదే, ఆయన నడిపిన మెటీరియల్స్ ల్యాబ్ ఇప్పుడు నేను చూస్తున్నాను, అంతకుమించి నాకున్న అర్హత ఏమీ లేదు.

ఇబ్బందల్లా సీవీ దగ్గర వస్తోంది. ఆయన చాలా ఏళ్లు ఇండస్ట్రీలో హైడ్రాలిక్ ప్రెస్సులు డిజైన్ చేసి, పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్స్ తెచ్చుకుని, మాస్టర్స్‌తోనే ఇక్కడ చేరారు. అప్పట్లో టెక్నాలజీ ప్రోగ్రాముల్లో మాస్టర్స్ ప్లస్ ఇండస్ట్రీ అనుభవం ఉంటే టెన్యూర్ ట్రాక్‌లోకి తీసుకునేవారట, ఇప్పుడు చాలాచోట్ల పీహెచ్‌డీ లేకపోతే గుమ్మం తొక్కనివ్వడం లేదు. పేపర్లు తక్కువ. ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఏఎస్‌ఈఈ (ఇంజినీరింగ్ బోధన మీద పనిచేసే అమెరికా సంఘం) వార్షిక సదస్సులో వచ్చినవి, అవీ ల్యాబ్‌లు ఎలా నడపాలి, ప్రాజెక్టులు ఎలా దిద్దాలి అన్న విషయాల మీద. గ్రాంటులు అంతంతమాత్రం. కానీ సర్వీస్ అన్న శీర్షిక కింద పేజీలకి పేజీలు ఉంది: ఏబెట్ (ప్రోగ్రాములకి గుర్తింపు ఇచ్చే సంస్థ) కోఆర్డినేటర్, కరిక్యులమ్ కమిటీ, బాజా (విద్యార్థులు బండి కట్టి పోటీపడే పోటీ) టీమ్ ఫ్యాకల్టీ అడ్వైజర్, ఇండస్ట్రీ అడ్వైజరీ కమిటీ కన్వీనర్, ఏఎస్‌ఎంఈ (మెకానికల్ ఇంజినీర్ల సంఘం) లోకల్ సెక్షన్ చెయిర్, సెర్చ్ కమిటీ (కొత్త ఫ్యాకల్టీని ఎంచే కమిటీ), సెర్చ్ కమిటీ, మళ్లీ సెర్చ్ కమిటీ. చదువుతుంటే నాకే ఆవలింతలు వస్తున్నాయి. ఇంక ఈ లెటర్ చదివేది బయాలజీ, హిస్టరీ, మ్యూజిక్ వాళ్లు. వాళ్లకి మన ప్రోగ్రామ్ అంటే ఏంటో కూడా తెలియదు, ముందు పేపర్ల లెక్క చూస్తారు.

అయితే ల్యాబ్‌లో ఏ మెషీన్ దగ్గర నిలబడినా, ఏ కోర్సు సిలబస్ తిరగేసినా ఆయన చెయ్యి పడని చోటు కనిపించదు. దాన్ని కాగితం మీద పెట్టడం ఎలా? టెక్నాలజీ డిగ్రీకీ ఇంజినీరింగ్ డిగ్రీకీ తేడా లెటర్‌లో వివరించాలా, లేక అది మన గొయ్యి మనమే తవ్వుకున్నట్టు అవుతుందా? రెండు పేజీలే ఇచ్చారు.

ఇంకో సొంత గోల కూడా ఉంది. ఆయన చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా నా మీదికి జారుతున్నాయి. టెన్యూర్ రాకముందు ఎంత వరకు ఒప్పుకోవచ్చు?

లేత్_పంతులు:

ఈ రంగంలో తల నెరిసినవాణ్ని, ఏబెట్ ప్రోగ్రామ్ ఎవాల్యుయేటర్‌గా కూడా వెళ్తుంటాను, అందుకని మీ లిస్టులో మొదటి ఐటమ్ గురించే ఎక్కువ చెబుతాను. ‘ఏబెట్ కోఆర్డినేటర్’ అని రాస్తే బయటివాళ్లకి అదేదో పదవిలా కనిపిస్తుంది. మన డిపార్ట్‌మెంట్లలో అది మెడ మీద కత్తి.

ఏబెట్ 1932లో వేరే పేరుతో పుట్టింది, 1980లో ఈ పేరు పెట్టుకుంది. దాని కింద నాలుగు కమిషన్లు ఉంటాయి, మెకానికల్ ఇంజినీరింగ్ వాళ్లు ఈఏసీ (ఇంజినీరింగ్ కమిషన్) కిందికి వస్తారు, మనం ఈటాక్ (ఇంజినీరింగ్ టెక్నాలజీ కమిషన్) కిందికి. అంతా సవ్యంగా ఉంటే తనిఖీ టీమ్ ఆరేళ్ల దాకా మళ్లీ రాదు. విజిట్ ఉన్న ఏడాది మాత్రం జూలై 1కల్లా సెల్ఫ్ స్టడీ రిపోర్టు (ప్రోగ్రామ్ తన గురించి తానే రాసుకునే నివేదిక) వెళ్లాలి, ఫాల్ సెమిస్టర్‌లో టీమ్ దిగుతుంది, మామూలుగా ఆదివారం నుంచి మంగళవారం వరకు ఉంటుంది. ఆదివారం ల్యాబ్‌లు తిరుగుతాం, విద్యార్థుల పేపర్లు తిరగేస్తాం. సోమవారం ఫ్యాకల్టీతో, విద్యార్థులతో మాట్లాడతాం. మంగళవారం మధ్యాహ్నం ఎగ్జిట్ స్టేట్‌మెంట్ చదివి ఎయిర్‌పోర్టుకి పోతాం. అది చదివేటప్పుడు డీన్‌లు ‘కన్సర్న్’ అన్న మాట వింటే ఊపిరి పీల్చుకుంటారు, ‘వీక్‌నెస్’ అంటే నోట్ చేసుకుంటారు, ‘డెఫిషియెన్సీ’ అంటే కోఆర్డినేటర్ వైపు తిరిగి చూస్తారు. వీక్‌నెస్ వదిలించుకోలేకపోతే ఆరేళ్లు కాస్తా రెండేళ్లవుతుంది, రిపోర్టు పంపమనో మళ్లీ వచ్చి చూస్తామనో అంటారు.

నేను చూసినంతలో ప్రోగ్రాములు ఎక్కువగా తడబడేది కంటిన్యువస్ ఇంప్రూవ్‌మెంట్ దగ్గర. డేటా బీరువాల నిండా ఉంటుంది, దాన్ని చూసి ఏం మార్చారయ్యా అంటే సమాధానం ఉండదు. ఈటాక్‌లో విద్యార్థికి రావలసిన ఫలితాలు ఐదు, అందులో నాలుగోది ప్రయోగాలు చేసి, కొలిచి, ఫలితాలను విశ్లేషించడం. మీ పెద్దాయన ఏదో ఒక ఏడు టెన్సైల్ టెస్ట్ (లోహపు ముక్కని తెగేదాకా లాగే పరీక్ష) రిపోర్టులు చూసి, పిల్లలు అంకెలు రాస్తున్నారు గానీ ఆ అంకె ఎంతవరకు నమ్మొచ్చో రాయడం లేదని గమనించి, మరుసటి ఏడు ఆ ల్యాబ్ మార్చి, మళ్లీ కొలిచి, బాగుపడిందో లేదో చూపించి ఉంటే, లెటర్‌లో ఉండాల్సింది ఆ సంగతే. ‘ఇన్నేళ్లు కోఆర్డినేటర్’ అన్న ముక్క కాదు. అలాంటివి పాత సెల్ఫ్ స్టడీల్లో కచ్చితంగా దొరుకుతాయి, ఎందుకంటే అవి లేకుండా ఏ కోఆర్డినేటరూ విజిట్ దాటలేడు. డీన్ ఆఫీసులో పాత ఫైనల్ స్టేట్‌మెంట్లు కూడా ఉంటాయి, అడిగి చూడండి. కాకపోతే వాటిలో వాక్యాలు ఎత్తి లెటర్‌లో పెట్టకండి, అవి కాన్ఫిడెన్షియల్. ‘ఆయన ఉన్న కాలంలో ప్రోగ్రామ్ గుర్తింపు ఎప్పుడూ ఆగలేదు’ అనడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది ఏబెట్ వెబ్‌సైట్‌లోనే ఎవరైనా చూడొచ్చు.

అడ్వైజరీ కమిటీ సంగతి కూడా చాలామందికి తెలియదు. మన గ్రాడ్యుయేట్లను తీసుకునే సంస్థల వాళ్లతో ఒక కమిటీ ఉండాలనీ, అది సిలబస్‌ని ఎప్పటికప్పుడు చూడాలనీ ఈటాక్ నిబంధనల్లోనే ఉంది. అంటే ఆయన ప్లాంట్ మేనేజర్లకి ఫోన్లు చేసి, బతిమాలి, ఏడాదికోసారి ఒక గదిలో కూర్చోబెట్టడం మర్యాద కోసం చేసిన పని కాదు, అది లేకపోతే ప్రోగ్రామ్ గుర్తింపుకే ఎసరు. ఆ మీటింగ్ మినిట్స్ తీయండి. ‘ఫలానా ఏడు కమిటీ అడిగింది, మరుసటి ఏడు పీఎల్‌సీ (మెషీన్లని నడిపే కంట్రోలర్) కోర్సు వచ్చింది’ లాంటి జంటలు రెండు దొరికితే మీ రెండో పేజీ అయిపోయినట్టే.

తేడా వివరించాలా అంటే, వివరించండి, ఒక్క పేరా చాలు. 1955లో గ్రింటర్ కమిటీ రిపోర్టు ఇంజినీరింగ్ చదువులో సైన్స్ పాలు పెంచమంది, 1957లో స్పుట్నిక్ ఎగిరాక ఆ ఊపు ఇంకా పెరిగింది, సిలబస్‌లోంచి షాప్ పని, డ్రాయింగ్ తగ్గిపోయాయి. ఆ ఖాళీలోకి 1960లలో నాలుగేళ్ల టెక్నాలజీ డిగ్రీలు వచ్చాయి, పర్డ్యూలో స్కూల్ ఆఫ్ టెక్నాలజీ పెట్టింది 1964లో. ఇంత చెబితే హిస్టరీ ప్రొఫెసర్‌కి విషయం ఎక్కుతుంది, బహుశా అందరికన్నా ఆయనకే ముందు ఎక్కుతుంది. ‘మేమూ ఇంజినీర్లమే’ అన్న వాదన మాత్రం మొదలుపెట్టకండి. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెబితే అనుమానం వాళ్లకి మనమే ఇచ్చినట్టు.

నిష్కర్ష:

నేను మెకానికల్ ఇంజినీరింగ్ వైపు, రీసెర్చ్ యూనివర్సిటీలో. ఇలాంటి నామినేషన్లు చదివే కమిటీలో కూర్చున్నవాణ్ని కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. కమిటీల్లో అందరూ కూర్చుంటారు. సగం మంది లాప్‌టాప్ తెరిచి మెయిళ్లు చూసుకుంటారు, సీవీలో మాత్రం పని చేసినవాళ్లకీ వాళ్లకీ ఒకే లైను పడుతుంది. అందుకే సర్వీస్ పేజీలు ఎంత పొడుగుంటే మాకు అంత అనుమానం. ఆయన లేకపోతే జరగనిది ఏదైనా ఉందా అన్నదే నేను వెతుకుతాను. అలాంటివి మూడు ఉంటే చాలు, మిగతావి సీవీలో ఎలాగూ ఉన్నాయి.

ఇంకొకటి. పేపర్లు తక్కువని క్షమాపణ చెప్పినట్టు రాయకండి. 1990లో ఎర్నెస్ట్ బోయర్ పాండిత్యాన్ని నాలుగు రకాలుగా విడగొట్టాడు, కొత్తది కనిపెట్టడం, వేర్వేరు రంగాల్ని కలపడం, ఉన్నదాన్ని సమస్యలకి వాడటం, బోధన. చాలా యూనివర్సిటీల ప్రమోషన్ నిబంధనల్లో ఇప్పటికీ ఆ భాషే కనిపిస్తుంది, మీ హ్యాండ్‌బుక్‌లో కూడా ఉందేమో చూడండి. ఉంటే ల్యాబ్ మీద రాసిన ఆ ఏఎస్‌ఈఈ పేపర్లు దర్జాగా అక్కడ పెట్టొచ్చు. అవి పీర్ రివ్యూ అయిన పూర్తి పేపర్లు, ఊరికే అబ్‌స్ట్రాక్టులు కావు, ఈ ముక్క మాత్రం స్పష్టంగా చెప్పండి, బయాలజీ వాళ్లు సదస్సు అనగానే పోస్టర్ అనుకుంటారు.

లేత్_పంతులు గారి హిస్టరీ పేరా నాకైతే అనవసరం అనిపిస్తోంది. రెండు పేజీల్లో అర పేజీ స్పుట్నిక్‌కి ఇస్తే మనిషి ఎక్కడ పడతాడు?

లేత్_పంతులు:

అర పేజీ అనలేదు సర్, ఒక పేరా అన్నాను. మూడు వాక్యాలైనా సరే. అది లేకపోతే ‘హైడ్రాలిక్ ప్రెస్సులు చేసిన మనిషికి ప్రొఫెసర్ ఉద్యోగం ఎందుకిచ్చారు’ అన్న సందేహంతోనే మిగతాదంతా చదువుతారు. ఆయన ఇండస్ట్రీ ఏళ్లు ఈ ప్రోగ్రామ్‌కి అర్హతే తప్ప లోటు కాదని ముందే తెలియాలి.

షాప్‌ఫ్లోర్_సీత:

నేను ప్రొఫెసర్‌ని కాదు. టెక్నాలజీ డిగ్రీ చేసి ప్లాంట్‌లో క్వాలిటీ ఇంజినీర్‌గా పనిచేస్తున్నాను. మీరంతా కమిటీల గురించి మాట్లాడుతున్నారు, అటువైపు కూర్చున్నవాళ్లకి కనిపించేది వేరే ఉంటుంది, అది కూడా ఒకసారి వినండి.

మా ప్రొఫెసర్ ఒకాయన టెన్సైల్ టెస్ట్ ల్యాబ్‌లో ముందు హాట్ రోల్డ్ స్టీల్ ముక్క పెట్టేవారు. గ్రాఫ్ పైకి వెళ్లి, ఒక చోట కొంచెం దిగి, కాసేపు అడ్డంగా నడిచేది, యీల్డ్ పాయింట్ ఇదిగో అని అందరం గీసేవాళ్లం. తర్వాత ఏమీ చెప్పకుండా 6061-టీ6 అల్యూమినియం ముక్క బిగించేవారు. అందులో ఆ మెట్టు రాదు, గీత మెల్లగా వంగిపోతుంది అంతే. ‘ఇప్పుడు చూపించండి, ఎక్కడుంది?’ అని చేతులు కట్టుకుని నిలబడేవారు. టెక్స్ట్‌బుక్‌లో 0.2 శాతం ఆఫ్‌సెట్ గీత ఎందుకు గీస్తారో నాకు ఆ రోజు అర్థమైంది. ముక్క తెగే ముందు ఎక్స్‌టెన్సోమీటర్ (ముక్క ఎంత సాగిందో కొలిచే పరికరం) తీయడం ఎవరైనా మర్చిపోతారేమోనని ఆయన చెయ్యి మాత్రం స్టాప్ బటన్ మీదే ఉండేది, అది ఖరీదైన వస్తువు, దెబ్బ తింటే మళ్లీ కొనడానికి మా కాలేజీ ఎన్నాళ్లు తీసుకుంటుందో ఆయనకి తెలుసు.

ఇది టీచింగ్ కదా, సర్వీస్ ఏంటి అంటారేమో. ఆ మెషీన్ ఒక కంపెనీ మూసేసిన టెస్ట్ ల్యాబ్ నుంచి విరాళంగా వచ్చింది. ఎవరో ఒకరు ఆ కంపెనీ వాళ్లతో మాట్లాడాలి, లారీ మాట్లాడాలి, ఫ్లోర్ బరువు ఆపుతుందా అని ఫెసిలిటీస్ వాళ్లతో పోట్లాడాలి, లోడ్ సెల్ (బలం కొలిచే భాగం) కాలిబ్రేట్ చేయించాలి. ఆయన చేశారు. సీవీలో ఏ హెడ్డింగ్ కింద వేశారో, అసలు వేశారో లేదో.

బాజా గురించి కూడా ఒక మాట. బయట ఎవరికి చెప్పినా పిల్లలు బగ్గీ నడుపుకునే క్లబ్ అనుకుంటారు. 1976 నుంచి నడుస్తున్న పోటీ అది. అన్ని టీములకీ ఒకే రకం ఇంజిన్, మిగతా బండి మొత్తం విద్యార్థులే డిజైన్ చేసి కట్టాలి, ఖర్చు రిపోర్టు ఇవ్వాలి, జడ్జిల ముందు డిజైన్‌ని సమర్థించుకోవాలి, ఆఖర్న నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేస్. ఫ్యాకల్టీ అడ్వైజర్ అంటే సంతకం పెట్టే మనిషి అనుకోవద్దు, రాత్రి వెల్డింగ్ చేస్తుంటే షాప్‌లో పక్కన ఉండే మనిషి. మా ప్రొఫెసర్‌కి ఒక రూల్ ఉండేది, లేత్ చక్‌లో (తిరిగే ముక్కని పట్టే భాగంలో) కీ వదిలి చెయ్యి తీస్తే ఆ రోజుకి షాప్ బయటికే. మెషీన్ ఆఫ్‌లో ఉన్నా సరే. మొదట్లో చాదస్తం అనుకున్నాం. ప్లాంట్‌లో చేరాక అదే రూల్ గోడ మీద కనిపించింది.

డ్రాయింగ్‌లు కూడా. ఎక్కడా ఆనని ఒక ముఖానికి ±0.0005 అంగుళం టాలరెన్స్ వేసి తీసుకెళ్తే, ‘దీన్ని ఎవరు కోస్తారు, ఎంతకి కోస్తారు, కనుక్కుని రా’ అని షాప్‌కి పంపేవారు. మిల్లింగ్ మీద రాదు, గ్రైండింగ్ కావాలి అని మెషినిస్ట్ నవ్వి చెబితే తిరిగొచ్చి ±0.010 చేసుకునేవాళ్లం. ఇప్పుడు సప్లయర్ల డ్రాయింగ్‌లు చెక్ చేస్తుంటే రోజూ అదే ప్రశ్న నేను అడుగుతున్నాను.

నేను కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి ట్రాన్స్‌ఫర్ అయినదాన్ని. నా క్రెడిట్లలో ఒక్కటి కూడా పోలేదు, ఎందుకంటే మా ప్రొఫెసర్ ఆ కాలేజీతో కూర్చుని కోర్సుకి కోర్సు సరిపోల్చి ఒప్పందం రాయించారు. వేరే కాలేజీ నుంచి వచ్చిన నా ఫ్రెండ్ స్టాటిక్స్ మళ్లీ కట్టి చదవాల్సి వచ్చింది. వర్నియర్_స్కేల్ గారూ, మీ పెద్దాయన సీవీలో ‘ఆర్టిక్యులేషన్’ అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే అది నాలాంటి వాళ్లకి ఒక సెమిస్టర్ ఫీజు.

వర్నియర్_స్కేల్ (ప్రశ్న అడిగినవారు):

సీత గారూ, ఉంది! ‘ఆర్టిక్యులేషన్ అగ్రిమెంట్లు, రెండు కాలేజీలు’ అని నాలుగో పేజీలో చివర ఎక్కడో అర లైను. నేను దాన్ని దాటేసి వెళ్లిపోయాను. ఆ ఒప్పందం మీద వచ్చిన విద్యార్థుల లెక్క రిజిస్ట్రార్‌ని అడుగుతాను.

అడ్వైజరీ కమిటీ మినిట్స్ ఆయన గదిలోనే అట్టపెట్టెల్లో దొరికాయి, పైన ఏడాదులు మార్కర్‌తో రాసి ఉన్నాయి. అడిగితే ‘పారేద్దామనుకుంటున్నా, కావాలా?’ అన్నారు. మొత్తం తెచ్చేసుకున్నాను. లేత్_పంతులు గారు చెప్పిన జంటలు నిజంగానే ఉన్నాయి. ఒక మీటింగ్‌లో ఒక మెయింటెనెన్స్ మేనేజర్ మీ పిల్లలకి హైడ్రాలిక్ సర్క్యూట్ బొమ్మ చదవడం వస్తుంది గానీ పంపు దగ్గర నిలబెడితే ప్రెషర్ ఎక్కడ పడిపోతోందో వెతకడం రావడం లేదు అన్నాడు. ఆ మరుసటి ఏడు ఫ్లూయిడ్ పవర్ కోర్సులో కావాలని లోపం పెట్టి కనిపెట్టమనే ల్యాబ్ వచ్చింది. ఆ ల్యాబ్ ఇప్పటికీ నేను చెబుతున్నాను, ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఇన్నాళ్లూ నాకు తెలియలేదు.

నిష్కర్ష గారూ, మీరన్న మూడు దొరికినట్టే: గుర్తింపు, ఈ కోర్సు, ఆ ఒప్పందాలు. ఏఎస్‌ఎంఈ సెక్షన్ చెయిర్ వదిలేయనా?

నిష్కర్ష:

వదిలేయండి, ఒక్క క్లాజ్‌లో తోసేయండి. ఆయన ఏఎస్‌ఎంఈ స్టాండర్డ్స్ కమిటీలో ఏమైనా చేశారా? అది వేరే విషయం. 1905లో మసాచుసెట్స్‌లోని బ్రాక్‌టన్‌లో షూ ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది పోయారు, ఆ తర్వాతే ఏఎస్‌ఎంఈ బాయిలర్ కోడ్ (భద్రతా నిబంధనలు) మొదలైంది, తొలి ఎడిషన్ 1914ది. ఆ కోడ్‌ని ఇవాళ్టికీ నడుపుతున్నది జీతం లేని వాలంటీర్ కమిటీలే. అలాంటిది ఉంటే కమిటీ వాళ్లకి చప్పున అర్థమవుతుంది. లోకల్ సెక్షన్ అంటే డిన్నర్ మీటింగులు అనుకుంటారు, తప్పో ఒప్పో.

వర్నియర్_స్కేల్:

స్టాండర్డ్స్ కమిటీ లేదండి. వదిలేస్తాను.

టెన్యూర్_టెన్షన్:

మీ రెండో ప్రశ్నని అందరూ గాలికొదిలేశారు, నేను తీసుకుంటా. నాకు పోయినేడే టెన్యూర్ వచ్చింది, ఇదే రకం డిపార్ట్‌మెంట్.

టీచింగ్ మెయిన్‌గా ఉండే చోట్ల సెమిస్టర్‌కి 12 క్రెడిట్ల లోడ్ మామూలు. మనకి అదనంగా ల్యాబ్‌ల తిప్పలు. మూడు గంటలు ల్యాబ్‌లో నిలబడితే చాలాచోట్ల లోడ్‌లో అంతకంటే తక్కువే లెక్కేస్తారు. హిస్టరీలో 12 క్రెడిట్లూ మనలో 12 క్రెడిట్లూ ఒకే గంటలు కావు. దాని మీద సర్వీస్ వేసుకుంటున్నామని గుర్తుంచుకోండి, మీ చెయిర్ మర్చిపోతారు.

నా లెక్కలో ప్రోగ్రామ్‌కి దగ్గరగా ఉండే పనులు ఒప్పుకోండి, యూనివర్సిటీ స్థాయి పార్కింగ్ కమిటీ లాంటివి ఇప్పుడే వద్దు. ఏబెట్ పని ఒప్పుకోవచ్చు, కానీ రెండు షరతులు. ఒకటి, విజిట్ ఏడాది ఒక కోర్సు తగ్గిస్తామని చెయిర్ దగ్గర మెయిల్‌లో రాయించుకోండి. నోటి మాట చెయిర్ మారితే పోతుంది, ఈ ఉద్యోగంలో చెయిర్లు మారుతూనే ఉంటారు. రెండు, ల్యాబ్‌లో ఏది మార్చినా దాని మీద ఒక పేపర్ రాయండి. ఏఎస్‌ఈఈలో ఇంజినీరింగ్ టెక్నాలజీ డివిజన్ ఉంది, వాళ్ల జర్నల్ ఆఫ్ ఇంజినీరింగ్ టెక్నాలజీ 1984 నుంచి వస్తోంది. డేటా మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, ఏబెట్ కోసం తీసిందే. ఒకే పని మీ ఫైల్‌లో రెండు చోట్ల పడుతుంది.

బాజా అడ్వైజర్‌గా మాత్రం ఇప్పుడు ఒప్పుకోకండి అని నా సలహా. అది పిల్లలకి చాలా మంచిది, మీ శని ఆదివారాలకి మంచిది కాదు, పైగా ఫైల్‌లో ఒకే ఒక్క లైను. సహ అడ్వైజర్‌గా ఇంకొకరితో కలిసి అయితే ఆలోచించండి.

వీసా మీద ఉన్నారో లేదో చెప్పలేదు, ఉంటే ఇది కూడా చూసుకోండి. ఈబీ-1బీ, అంటే ఔట్‌స్టాండింగ్ ప్రొఫెసర్ గ్రీన్ కార్డ్ కేటగిరీలో, కనీసం మూడేళ్ల టీచింగ్ లేదా రీసెర్చ్ అనుభవం కావాలి, ఆరు ప్రమాణాల్లో కనీసం రెండు చూపాలి. అందులో ఒకటి ఇతరుల పనిని జడ్జ్ చేయడం. అంటే జర్నల్ రివ్యూలు, ఏఎస్‌ఈఈ పేపర్ రివ్యూలు, ఇవన్నీ సర్వీస్ కిందే వస్తాయి కానీ లాయర్ ముందుగా అడిగేవి అవే. రివ్యూ చేసిన ప్రతిసారీ ఎడిటర్ పంపే థాంక్యూ మెయిల్ ఒక ఫోల్డర్‌లో దాచండి. సెర్చ్ కమిటీలో ఎన్నిసార్లు కూర్చున్నా ఇమిగ్రేషన్ వాళ్లకి అంతగా పట్టదు. రెండు ప్రమాణాలు దాటగానే చేతికి వచ్చేస్తుందని కాదు, ఆ రంగంలో పేరున్న మనిషేనా అని మొత్తం ఫైల్ చూసి తేలుస్తారు, అది లాయర్‌తో మాట్లాడుకోండి.

ఇంకో మాట, ఆడవాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం. మన డిపార్ట్‌మెంట్లలో మనం ఒకరో ఇద్దరో ఉంటాం, ప్రతి కమిటీకీ ‘ఒక లేడీ ఉండాలి’ అని మనల్నే పిలుస్తారు. పిలిచిన ప్రతిదానికీ వెళ్లక్కర్లేదు.

లేత్_పంతులు:

బాజా విషయంలో మీతో ఏకీభవించను. టెక్నాలజీ డిపార్ట్‌మెంట్‌కి విద్యార్థులు వచ్చేదే ఆ బండి చూసి. అందరూ టెన్యూర్ వచ్చాక చూద్దాం అనుకుంటే మధ్యలో ఆ ఆరేళ్లు షాప్ తాళం ఎవరు తీస్తారు?

టెన్యూర్_టెన్షన్:

టెన్యూర్ ఉన్నవాళ్లు తీయాలి సర్. అక్కడే కదా గొడవంతా.

వర్నియర్_స్కేల్:

హెచ్-1బీ మీదే ఉన్నానండి, రివ్యూ మెయిళ్ల విషయం ఎవరూ చెప్పలేదు, థాంక్స్. సగం డిలీట్ చేసేశానేమో, వెతకాలి.

డ్రాఫ్ట్‌లో మధ్య పేరా ఒకటి రాశాను. అసలు ఇంగ్లీషులో ఉంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నా, కొట్టండి:

‘మా ప్రోగ్రామ్ గ్రాడ్యుయేట్లు ప్లాంట్లలో, టెస్ట్ ల్యాబ్‌లలో, మెషీన్ డిజైన్ ఆఫీసుల్లో పనిచేస్తారు. వాళ్లకి అక్కడ ఏం అవసరమో కనుక్కుని కోర్సుల్లోకి తేవడాన్ని ఆయన అపారమైన అంకితభావంతో తన బాధ్యతగా తీసుకున్నారు. ఇండస్ట్రీ అడ్వైజరీ కమిటీలో, గ్రాడ్యుయేట్లకి హైడ్రాలిక్ వ్యవస్థల్లో లోపం వెతకడం రావడం లేదని ఒక సభ్యుడు చెప్పగా, మరుసటి విద్యా సంవత్సరానికల్లా ఆయన ఫ్లూయిడ్ పవర్ కోర్సులో ఆ నైపుణ్యం కోసమే ఒక ల్యాబ్ తయారుచేశారు. దానికి కావలసిన పంపులు, వాల్వులు అదే కమిటీ సభ్యుల కంపెనీల నుంచి సేకరించారు. ఆ ల్యాబ్ నేటికీ నడుస్తోంది. రెండు కమ్యూనిటీ కాలేజీలతో ఆయన కుదిర్చిన ఒప్పందాల వల్ల అక్కడి విద్యార్థులు క్రెడిట్లు కోల్పోకుండా మా మూడో ఏడాదిలో చేరుతున్నారు.’

నిష్కర్ష:

చాలా నయం. ‘అపారమైన అంకితభావంతో’ కొట్టేయండి, అది ప్రతి లెటర్‌లోనూ ఉంటుంది, కన్ను దాని మీద ఆగదు. ‘ఒక సభ్యుడు’ అనకుండా ‘ఒక మెయింటెనెన్స్ మేనేజర్’ అనండి, మనిషి కనిపిస్తాడు. ఒప్పందాల వాక్యం చివర రిజిస్ట్రార్ ఇచ్చే అంకె పెట్టండి, అది రాకపోతే వాక్యం ఇలాగే ఉంచండి, ‘ఎందరో’, ‘వందలాది’ లాంటివి మాత్రం వద్దు.

షాప్‌ఫ్లోర్_సీత:

పాత విద్యార్థుల నుంచి సపోర్ట్ లెటర్లు తీసుకుంటారా మీ దగ్గర? తీసుకుంటే ఆ ఒప్పందం మీద వచ్చిన వాళ్లలో ఒకరిని అడగండి. పెద్ద హోదాలో ఉన్న మనిషే కావాలని చూడకండి.

లేత్_పంతులు:

సీత గారు చెప్పింది చేయండి. దానికన్నా ముందు మీ ఫ్యాకల్టీ హ్యాండ్‌బుక్‌లో ఎమెరిటస్ సెక్షన్ ఒకసారి చదవండి, కనీసం ఎన్నేళ్ల సర్వీస్ ఉండాలి, ఏ ర్యాంక్‌లో రిటైర్ అవ్వాలి, ఎన్ని లెటర్లు అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల బోర్డ్ మీటింగ్‌లో ఆమోదం పడాలి, మే నెలలో రిటైర్మెంట్ అంటే దాని ఎజెండా ముందే మూసేస్తారు. డేట్ ఎప్పుడో ప్రోవోస్ట్ (యూనివర్సిటీ అకడమిక్ అధిపతి) ఆఫీసులో రేపే కనుక్కోండి. అలాగే ఆ అట్టపెట్టెలు లెటర్ అయిపోయాక పారేయకండి, మీ తర్వాతి ఏబెట్ విజిట్‌కి పనికొస్తాయి. విజిట్ ఏ ఏడు?

వర్నియర్_స్కేల్:

వచ్చే ఏడాది ఫాల్. సెల్ఫ్ స్టడీ డ్రాఫ్ట్ ఎవరు రాస్తారో ఇంకా తేలలేదు. చెయిర్‌కి కోర్సు తగ్గింపు గురించి ఇందాకే మెయిల్ పెట్టాను.